లిలియన్ వాల్డ్: బడి దాకా నడిచి వచ్చిన నర్సు

గజ్జి పట్టిన పిల్లను ఏం చేయాలి? వార్డెన్‌గా చేరిన కొత్తలో నాకు తెలిసిన జవాబు ఒక్కటే, ఇంటికి పంపేయడం. అలా పంపిన ఏడో తరగతి పిల్ల ఒకతె మళ్లీ రాలేదు. నెలన్నర తర్వాత వాళ్ల ఊరెళ్లి అడిగితే, అమ్మతో జీడితోట పనికి పోతోందన్నారు. గజ్జి ఎప్పుడో తగ్గిపోయింది. ఈ సంచికకు ఒకరి జీవితం రాయమన్నప్పుడు నాకు లిలియన్ వాల్డ్ గుర్తొచ్చింది అందుకే. ఆమె మన దేశం మనిషి కాదు. కానీ నేను చేసిన తప్పునే న్యూయార్క్‌లో ఒక నగరమంతా చేస్తుంటే, దాన్ని మాన్పించిన మనిషి.

లిలియన్ 1867 మార్చి 10న అమెరికాలోని సిన్సినాటిలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. కలిగిన ఇల్లే. పదహారేళ్లకే పెద్ద కాలేజీకి దరఖాస్తు పెడితే వయసు చాలదని చేర్చుకోలేదు. తర్వాత అక్క కాన్పు సమయంలో ఇంటికొచ్చిన నర్సు పని చూసి, 1889లో న్యూయార్క్‌లో నర్సింగ్ శిక్షణలో చేరారు. 1891లో పూర్తిచేశారు. ఆపైన డాక్టరు చదువు మొదలుపెట్టారు.

1893లో నగరం తూర్పు వైపు పేటలో, పరాయి దేశాల నుంచి వచ్చిన పేద తల్లులకు ఇంట్లో రోగిని ఎలా చూసుకోవాలో ఆమె పాఠాలు చెప్పేవారు. ఒక ఉదయం, సన్నగా వాన పడుతుండగా, ఒక చిన్న పిల్ల వచ్చి తల్లికి బాగాలేదని పిలిచింది. కాన్పయిన తల్లి రక్తం పోతూ మురికి మంచం మీద పడి ఉంది. ఆ రెండు గదుల్లోనే ఇంటిల్లిపాదీ, అద్దెకున్నవాళ్లూ. ఆమెకు సపర్య చేసి వచ్చిన లిలియన్, డాక్టరు చదువు మానేసి ఆ పేటలోనే కాపురం పెట్టారు. తోడుగా మేరీ బ్రూస్టర్ అనే మరో నర్సు.

1895లో జాకబ్ షిఫ్ అనే దాత సాయంతో హెన్రీ స్ట్రీట్‌లో ఇల్లు దొరికింది. అక్కడి నర్సులు మెట్లెక్కి ఇంటింటికీ వెళ్లేవారు. ఇవ్వగలిగినవాళ్లు డబ్బిచ్చేవారు, లేనివాళ్లకు ఉచితం. నర్సు ఉండేది కాసేపే, మిగతా రోజంతా చూసుకోవలసింది అమ్మో అక్కో. అందుకే స్నానం చేయించడం, కట్టు మార్చడం, పథ్యం పెట్టడం వాళ్లకు నేర్పి మరీ వచ్చేవారు.

ఇక బడి సంగతి. 1897 నుంచి న్యూయార్క్ బడుల్లో డాక్టర్లు పిల్లల్ని పరీక్షించేవారు. తామర, పేలు, ట్రకోమా అనే కంటి జబ్బు కనిపిస్తే ఇంటికి పంపేవారు. అంతవరకే. వైద్యం చేసేవాళ్లు లేరు. తల మీద పుండ్ల వల్ల పన్నెండేళ్లొచ్చినా బడి ముఖం చూడని లూయిస్ అనే అబ్బాయి లిలియన్‌కు తగిలాడు. క్రమం తప్పకుండా మందు రాస్తే పుండ్లు మానాయి, బడిలో చేరాడు. అన్నేళ్లు పోయింది ఆ మందు రాసేవాళ్లు లేకనే!

1902లో లిలియన్ నగర అధికారులను ఒప్పించి, లీనా రోజర్స్ అనే నర్సును ఒక్క నెల ప్రయోగంగా పంపారు. నాలుగు బడులు, దాదాపు 10,000 మంది పిల్లలు. లీనా బడిలోనే మందు రాసేవారు. తర్వాత ఇళ్లకు వెళ్లి, ఎలా రాయాలో తల్లులకు చూపించేవారు. నెల తిరిగాక నగరమే నర్సుల జీతాలు భరించడానికి ఒప్పుకుంది. జబ్బు పేరుతో ఇంటికి పంపిన పిల్లలు 1902 సెప్టెంబరులో 10,567 మంది. ఏడాది తర్వాత అదే నెలలో 1,101.

పిల్లల సంక్షేమానికి ప్రభుత్వ విభాగం ఉండాలని లిలియన్ కొన్నేళ్లు పోరాడారు, 1912లో అది వచ్చింది. నల్లజాతివారి హక్కుల కోసం 1909లో జరిగిన సదస్సుకు వచ్చినవాళ్లకు హెన్రీ స్ట్రీట్ ఇంట్లోనే ఆతిథ్యం ఇచ్చారు. యుద్ధం వద్దన్నందుకు కొందరు దాతలు దూరమయ్యారు. 1940 సెప్టెంబరు 1న కన్నుమూశారు.

పోయిన డిసెంబరులో మా హాస్టల్లో ఒకే గదిలో ఆరుగురికి గజ్జి వచ్చింది. ఎవరినీ ఇంటికి పంపలేదు. ఏఎన్‌ఎం చెప్పినట్టు గదిలో అందరికీ ఒకే రాత్రి మందు రాశాం, దుప్పట్లు ఉడకబెట్టాం, వారానికి మళ్లీ రాశాం. ఆదివారం మనవరాలిని చూడటానికొచ్చిన ఒక అమ్మమ్మ, ఇంట్లో చిన్నాడు కూడా గోక్కుంటున్నాడని చెప్పింది. ఏఎన్‌ఎం ఆవిడను కూర్చోబెట్టి, వేళ్ల సందుల్లో ఎలా రాయాలో ఆవిడ చేతి మీదే చూపించింది. ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి.