పెరగడం ఆగని రాబర్ట్

చరిత్రలో అందరికంటే పొడగరి ఎవరని అడిగితే, క్విజ్ పుస్తకాలు చదివే మీ పిల్లలు ఠక్కున రాబర్ట్ వాడ్లో అంటారు. ఎత్తు 8 అడుగుల 11 అంగుళాలు. ఆ పుస్తకాలు అంతగా చెప్పని సంగతి ఒకటుంది. అతను 22 ఏళ్లకే చనిపోయాడు. అదీ చీలమండ మీద లేచిన ఒక బొబ్బ వల్ల.

రాబర్ట్ 1918 ఫిబ్రవరి 22న అమెరికాలో, ఇల్లినాయిస్ రాష్ట్రంలోని ఆల్టన్‌లో పుట్టాడు. పుట్టినప్పుడు 3.8 కిలోలే. అమ్మానాన్నలు, తర్వాత పుట్టిన నలుగురు తోబుట్టువులు అందరిదీ మామూలు ఎత్తే. ఇతను మాత్రం అయిదేళ్లకే 5 అడుగుల 4 అంగుళాలు అయ్యాడు. ఎనిమిదేళ్లకు 6 అడుగులు దాటేశాడు.

దీనికి కారణం మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి. అది వదిలే గ్రోత్ హార్మోన్ రక్తంలో కాలేయానికి చేరి, ఐజీఎఫ్-1 అనే మరో హార్మోన్‌ను తయారు చేయిస్తుంది. పిల్లల ఎముకల చివర్లలో ఉండే మృదులాస్థి పలకలు ఈ రెండింటి వల్లే పెరుగుతాయి. యుక్తవయసులో సెక్స్ హార్మోన్లు పెరిగాక ఆ పలకలు గట్టిపడి ఎముకలో కలిసిపోతాయి. ఎత్తు అక్కడితో ఆగుతుంది. రాబర్ట్ పిట్యూటరీ అతిగా పెరిగి హార్మోన్‌ను వదులుతూనే ఉంది. సెయింట్ లూయిస్ డాక్టర్లు జబ్బేమిటో కనిపెట్టారు. కానీ అప్పట్లో మందుల్లేవు, ఆపరేషన్ అంటే ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. చనిపోయేనాటికీ అతను పెరుగుతూనే ఉన్నాడు.

అంత ఎత్తుంటే అంత బలమూ ఉంటుందని మీరు అనుకోవచ్చు. నిజానికి పెద్దయ్యేకొద్దీ అతని కాళ్లు బలహీనపడ్డాయి. పాదాల్లో స్పర్శ తగ్గింది. కాళ్లకు లోహపు పట్టీలు లేకుండా నడవలేకపోయేవాడు. లాయరు కావాలని కాలేజీలో చేరినా చదువు సాగలేదు. సర్కస్‌లో కొన్నాళ్లు కనిపించాడు గానీ వింత వేషాలకు ఒప్పుకోలేదు, మామూలు సూటులోనే వచ్చేవాడు. తర్వాత తనకు ఉచితంగా బూట్లు కుట్టిచ్చే కంపెనీ ప్రచారం కోసం తండ్రితో కలిసి ఊరూరా తిరిగాడు. కారులో ముందు సీటు తీసేస్తే తప్ప కాళ్లు పట్టేవి కావు. 1937లో ఒక డాక్టరు అతన్ని కించపరిచేలా వైద్య పత్రికలో వ్యాసం రాస్తే, ఆ కుటుంబం కోర్టుకెక్కింది. మా వృత్తిలో ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సిన కేసు అది.

1940 జులై 4న మిషిగన్ రాష్ట్రంలోని మానిస్టీలో ఒక ఉత్సవానికి వెళ్లాడు. సరిగ్గా అమరని పట్టీ చీలమండను ఒరుసుకుని బొబ్బ లేచింది. స్పర్శ లేని కాలు నొప్పి చెప్పదు. చీము పట్టి, జ్వరం వచ్చాకే తెలిసింది. రక్తం ఎక్కించారు, ఆపరేషన్ చేశారు. పెన్సిలిన్‌ను ఆక్స్‌ఫర్డ్‌లో ఆ మే నెలలోనే ఎలుకల మీద పరీక్షించారు, మనుషుల దాకా ఇంకా రాలేదు. జులై 15న నిద్రలోనే ప్రాణం పోయింది. శవాన్ని ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయంతో కుటుంబం సమాధిని కాంక్రీటుతో కట్టించింది.

ఈ రోజు అలాంటి పిల్లాడు వస్తే ఐజీఎఫ్-1 రక్తపరీక్ష, పిట్యూటరీ ఎంఆర్ఐ చేయిస్తాం. గడ్డ ఉంటే చాలావరకు ముక్కు గుండానే తీసేస్తారు. మిగిలితే ఇంజెక్షన్లు, మాత్రలు ఉన్నాయి. మీ పిల్లల ఎత్తును పుట్టినరోజు నాడు గోడ మీద గీత పెట్టి చూడండి. తల్లిదండ్రుల పోలిక లేకుండా ఏటికేడాది గీత మరీ ఎగబాకుతుంటే, తలనొప్పి, చూపు మందగించడం కూడా తోడైతే ఎండోక్రైనాలజిస్టుకు చూపించండి. పెద్దవాళ్లలో ఎముక పలకలు మూసుకుపోయి ఉంటాయి కాబట్టి ఈ హార్మోన్ ఎక్కువైనా ఎత్తు పెరగదు. ఉంగరం బిగుతవుతుంది, చెప్పుల సైజు మారుతుంది, దవడ ముందుకొస్తుంది, షుగర్ మొదలవుతుంది. ఏళ్ల తరబడి మెల్లగా మారడం వల్ల ఇంట్లోవాళ్లు గమనించరు. పదేళ్ల కిందటి పెళ్లి ఫొటో పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.