యల్లాప్రగడ సుబ్బారావు
యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. ఈయన భీమవరంలో జన్మించాడు. మద్రాసులో వైద్యవిద్య ముగించి, అమెరికాలోని హార్వర్డులో పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ సంస్థలో చేరాడు. ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధి బలిగొన్నది. ఆ వ్యాధికి పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని లెడర్లీలో ఈయన బృందమే కృత్రిమంగా తయారుచేసింది. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకొనే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులూ అక్కడే రూపొందాయి. అమినోప్టెరిన్‌ను మొదట పిల్లల రక్త క్యాన్సరుకు వాడారు.

అయితే ఆ మందుల ప్రయోజనం అంతటితో ఆగలేదు. శరీర రక్షణ కణాలలో సొంత కణజాలంపై దాడిచేయగలవాటిని థైమస్ గ్రంథి చాలావరకు ఏరివేస్తుంది. తప్పించుకున్నవాటిని అదుపుచేయడానికి వేరే కణాలున్నాయి. ఈ కట్టుబాటు సడలినప్పుడు రుమటాయిడ్ కీళ్ళవాతం వంటి వ్యాధులు కలుగుతాయి. 1951లో ఈ వ్యాధిగ్రస్తులకు అమినోప్టెరిన్ ఇవ్వగా గుణం కనిపించింది. సుబ్బారావు అది చూడలేదు. ఈ కీళ్ళవాతానికి నేడు సాధారణంగా ముందుగా ఇచ్చేది మెథోట్రెక్సేటే, అదీ వారానికొకసారి, తక్కువ మోతాదులో. అది రక్షణ కణాలకు సహనాన్ని తిరిగి నేర్పదు, దాడి తీవ్రతను మాత్రమే తగ్గిస్తుంది. అందువలన మందు మానితే వ్యాధి తరచుగా తిరగబెడుతుంది.