విశాఖ మాట వినిపించిన తెన్నేటి విశ్వనాథం

విశాఖపట్నం జిల్లా చోడవరం ప్రాంతమందలి లక్కవరం గ్రామంలో 1895వ సంవత్సరంలో జన్మించిన తెన్నేటి విశ్వనాథంగారు లోక్‌సభలో కూర్చున్నది ఒక్కమారే. అప్పటికి వారి వయస్సు డెబ్బది దాటినది. వెనుక పార్టీ లేదు. అధికారపక్షపు అండ లేదు. అయినను ఆ ఒక్క పర్యాయమునకే ఉత్తరాంధ్ర ప్రజలు వారిని నేటికీ తలచుకొనుచున్నారు. ఆ కారణమును తెలుసుకొనుటకు కొంత వెనుకకు పోవలసియున్నది.

న్యాయవాద వృత్తిలో స్థిరపడి సుఖముగా జీవించగల అవకాశముండగా, ఆ మార్గమును విడిచి గాంధీజీ పిలుపు నందుకొన్న తరమునకు చెందినవారు విశ్వనాథంగారు. ఉప్పు సత్యాగ్రహకాలంలో విశాఖ జిల్లాలో ముందు నిలిచిన నాయకులలో ఒకరు. కారాగారవాసము వారికి కొత్త కాదు. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారితో ఏర్పడిన అనుబంధము వారి రాజకీయ జీవితమునంతటిని తీర్చిదిద్దినది. 1951లో పంతులుగారు కాంగ్రెసును వీడగా, విశ్వనాథంగారు కూడ వారి వెంటనే నడిచిరి. స్వాతంత్ర్యము వచ్చిన వెంటనే అధికారమునకు చేరువలో నున్న పార్టీని కాదనుట తేలిక కాదు. ఆనాడు ఆ పార్టీలోనే నిలిచినవారు పదవులను పొందిరి.

1952లో ఎన్నికైన ఉమ్మడి మదరాసు శాసనసభలో వారు ప్రతిపక్షమున కూర్చుండిరి. 375 స్థానముల ఆ సభలో కాంగ్రెసుకు 152 మాత్రమే దక్కినవి. ప్రతిపక్షములు ప్రకాశంగారి నాయకత్వమున ఒక్కటైనను, రాష్ట్రపాలకుడు రాజాజీనే పిలిచినాడు. ఆ యేడు డిసెంబరు 15వ తేదీన మదరాసులో పొట్టి శ్రీరాములుగారు ఆత్మార్పణ గావించిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించగా ప్రకాశంగారు ముఖ్యమంత్రియైరి. ఆర్థికశాఖ విశ్వనాథంగారి వంతు వచ్చినది.

కర్నూలులో కార్యాలయములకు భవనములు చాలక గుడారములు వేసుకొన్న రోజులవి. ఆ రాష్ట్రమునకు ఆర్థికమంత్రిగా నుండుట బరువైన పనియే. ఇంతలో మద్యనిషేధమును ఎత్తివేయవలెనని రామమూర్తి కమిటీ సిఫారసు చేసినది. నిషేధమును తొలగించినచో ఖజానాకు ఆదాయము చేకూరును. అయినను మంత్రివర్గము ఆ సిఫారసును అంగీకరింపలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానము ఒక్క ఓటు తేడాతో నెగ్గినది, ప్రభుత్వము కూలినది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినది ఆ కొద్దికాలపు పాలనలోనే యని చాలమంది మరచిపోవుదురు. 1957లో పంతులుగారు కీర్తిశేషులైన పిమ్మట, వారి ఆత్మకథయగు నా జీవిత యాత్ర మూడు భాగములతో నిలిచిపోగా, నాల్గవ భాగమును రచించి పూర్తిచేసినది విశ్వనాథంగారే. గురుఋణము తీర్చుకొనుటకు ఇంతకంటె చక్కని మార్గము అరుదు.

ఇక ఉక్కు సంగతి. బైలదిల్ల కొండల ఇనుప ఖనిజమును విశాఖ రేవునుండి ఓడలకెక్కించి జపానుకు పంపుటకు ఏర్పాట్లు జరుగుచుండెను. ఖనిజము ఇక్కడిది, రేవు ఇక్కడిది, కర్మాగారము మాత్రము వేరొకచోటనా యన్నది నాటి ప్రజల ప్రశ్న. 1965లో బ్రిటిష్, అమెరికన్ నిపుణుల బృందము సైతము దక్షిణాదిలో ఉక్కు కర్మాగారమునకు విశాఖయే మేలైన స్థలమని తేల్చినది. కేంద్రము తేల్చలేదు. 1966 అక్టోబరులో తాడికొండకు చెందిన అమృతరావుగారు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చుండిరి. అఖిలపక్ష కార్యాచరణ సంఘమునకు విశ్వనాథంగారు నాయకత్వము వహించిరి. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్న నినాదము ఊరూర మ్రోగినది. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగినవి. ఉద్యమకాలమున రాష్ట్రము మొత్తముమీద 32 మంది ప్రాణములు కోల్పోయిరని చెప్పుదురు. వారిలో విద్యార్థులును కలరు. ముఖ్యమంత్రి హామీపై దీక్ష ముగిసినదే గాని, హామీ హామీగానే మిగిలినది.

1967 సార్వత్రిక ఎన్నికలలో విశాఖపట్నం ఓటర్లు విశ్వనాథంగారిని స్వతంత్ర అభ్యర్థిగా ఢిల్లీకి పంపిరి. లోక్‌సభలో చర్చాసమయము పార్టీల బలమును బట్టి పంచబడును. స్వతంత్ర సభ్యునకు దక్కునది కొద్ది నిమిషములే. ఇట్టి సభ్యుని వలన ఏమి ఒరుగునని ఎవరైనను అడుగవచ్చును. అడుగుట న్యాయమే. ఒక్క సభ్యుడు కర్మాగారమును తెప్పించినాడనుట అతిశయోక్తియగును. ఆ ఘనత వీథులలో నిలిచిన ప్రజలది, ప్రాణములిచ్చినవారిది. కాని వీథిలో పుట్టిన కోరిక చల్లారిపోకుండ సభలో దానికొక గొంతుక కావలెను. ఉద్యమమును నడిపిన వ్యక్తియే ఆ సభలో కూర్చుండుట చేత ఆ కోరికను మరుగుపరచుట ఎవరికిని సులభము కాలేదు. పైగా 1969లో కాంగ్రెసు చీలినది, ప్రభుత్వము ఇతర పక్షముల ఓట్లపై ఆధారపడినది. సభలో ప్రతి స్థానమునకును విలువ పెరిగిన కాలమది.

1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖపట్నమునకు ఉక్కు కర్మాగారమును ప్రకటించిరి. తమిళనాడులోని సేలమునకు, నాటి మైసూరు రాష్ట్రములోని హోస్పేట ప్రాంతమునకు కూడ ఆనాడే కర్మాగారములు ప్రకటింపబడినవి. ఆ యేడు డిసెంబరులో గడువుకు ముందే లోక్‌సభ రద్దయినది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ విశాఖలో శంకుస్థాపన చేయునాటికి విశ్వనాథంగారు సభ్యులు కారు. తదుపరి ఎన్నికలలో ఆ స్థానము కాంగ్రెసు పక్షమున పూసపాటి విజయరామ గజపతిరాజుగారికి దక్కినది. లోక్‌సభలో వారి కాలము నాలుగేండ్లైనను నిండలేదు.

శంకుస్థాపన శిల చాలకాలము శిలగానే యుండెను. నిధులు రాలేదు. భూములిచ్చిన వేలాది కుటుంబములు ఎదురుచూచుచుండెను, వారి కష్టము వేరుగా చెప్పవలసిన కథ. విశ్వనాథంగారు 1979 నవంబరు 10న కన్నుమూసిరి. కర్మాగారములో మొదటి ఊదు కొలిమి 1990లో వెలిగినది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారమును జాతికి అంకితము చేసిరి. 2021లో దానిని ప్రైవేటుపరము చేయు ప్రతిపాదన వచ్చినప్పుడు కార్మికులు తిరిగి వీథికెక్కి పాత నినాదమునే పలికిరి. విశాఖనుండి భీమునిపట్నము పోవు సముద్రతీరపు బాటలో, కైలాసగిరి దిగువన నున్న ఉద్యానవనమునకు తెన్నేటి పార్కు అని పేరు. సాయంవేళ అక్కడ పిల్లలు ఆడుకొందురు.