దానమను రెండక్షరములు

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు బాలురకు ధనంబోడు గుట్ట తెలిసియే యుండును. పేరును బట్టి అందు ధనము పాతియున్నదని తలంపవచ్చును. 1882లో బర్జెస్ దొర అచట త్రవ్వింపగా బౌద్ధస్తూపమును, శాసనములు గల స్తంభములును బయల్పడెను. ఆ శాసనములు బ్రాహ్మీలిపిలో నున్నవి. ఆ లిపి మన పూర్వులదే. అయినను పెక్కు శతాబ్దములు దానిని చదువగలవారు లేకపోయిరి. మరుగుపడిన ఆ లిపిని చదివి చూపినవాడు జేమ్సు ప్రిన్సెప్.

ప్రిన్సెప్ 1799లో ఇంగ్లండున జన్మించెను. 1819లో కలకత్తా టంకసాలకు వచ్చి, పిదప పదియేండ్లు కాశీ టంకసాలలో పనిచేసెను. లోహముల మేలిమిని పరీక్షించుట ఆతని ఉద్యోగము. పాతనాణెములపైని అక్షరములు ఆతని మనసును లాగినవి. 1832లో ఏషియాటిక్ సొసైటీకి కార్యదర్శి యయ్యెను.

1837లో సాంచీస్తూపపు ప్రాకారముపైని చిన్న శాసనముల ప్రతులు ఆతనికి చేరెను. ఒకటి రెండు కాదు, ఎన్నియో! మిక్కిలిగా వాని చివర అవే రెండక్షరములు కనబడెను. రాజుల చరిత్రయైనచో ఇన్ని తునుకలుగా నుండునా? గుడికి రాయి నిచ్చిన భక్తుడు దానిపై తన పేరు చెక్కించుకొనుట మనమెరుగుదుము. ఇదియు నట్టిదే యని ప్రిన్సెప్ ఊహించెను. అట్లయినచో చివరిమాట ‘దానం’ కావలెను; దానికి ముందున్నది ‘యొక్క’ అను అర్థమిచ్చు ‘స’ కావలెను. ఊహ నిలిచెను! అచిరకాలముననే తక్కిన అక్షరములును తెలియవచ్చెను. ఢిల్లీ స్తంభముపైని ప్రియదర్శిని ఆతడు మొదట సింహళరాజని పొరబడెను. సింహళమునందలి టర్నర్ ఆ రాజు అశోకుడని తెలుపగా, తన పొరపాటును దిద్దుకొనెను. పండితులకు ఈ గుణము అరుదు.

ఇట్టి చిక్కే పెరూ దేశమునను కలదు. అచట ఇన్కా రాజుల కొలువువారు లెక్కలను త్రాళ్ల ముళ్లలో దాచిరి. 1912లో లెలండ్ లాక్ అను అమెరికా పండితుడు, ముడి యున్న చోటును బట్టి ఒకట్లు, పదులు, నూర్లు ఏర్పడునని కనుగొనెను. కొన్నింట క్రిందిత్రాళ్ల మొత్తము పైత్రాటి ముళ్లకు సరిపోవుటయే దానికి సాక్ష్యము. అంకెలు చిక్కినవి గాని, అంకెలు కాని ముళ్ల భావము నేటికిని తేలలేదు. బ్రాహ్మి వెనుక సంస్కృత ప్రాకృతములు నిలిచియుండుట మన యదృష్టము.

రేయింబవళ్లు శ్రమించి ప్రిన్సెప్ ఆరోగ్యము చెడెను. 1838లో స్వదేశమునకు మరలి, 1840 ఏప్రిల్ 22న లండనులో నలువదవ యేట మరణించెను.

ధనంబోడు శాసనము చెప్పునదియు దానమునే. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని 20వ పాలనావత్సరమున, సిద్ధార్థుడను శిల్పి స్తూపపు తూర్పుద్వారమున ఐదు స్తంభములు నిలిపెను. ఆ మాట మరల చదువబడునాటికి ప్రిన్సెప్ గతించి 42 ఏండ్లయ్యెను.