ఓడలకు చారలు వేసిన చిత్రకారుడు

సముద్రాన్నీ ఓడలనూ చిత్రించడమే వృత్తిగా బతికిన బ్రిటిష్ చిత్రకారుడు నార్మన్ విల్కిన్సన్. 1878లో కేంబ్రిడ్జ్‌లో పుట్టారు. పత్రికలకు బొమ్మలు, రైల్వే కంపెనీలకు పోస్టర్లు వేశారు. టైటానిక్ ఓడలో పొగతాగే గదికి ఆయన వేసిన ప్లిమత్ రేవు చిత్రం ఆ ఓడతోపాటే మునిగిపోయింది. మన పూర్వ విద్యార్థుల్లో ఇంజనీర్లకు కొదవ లేదు కాబట్టి, 1917లో ఆయన చేసిన పని ఒకటి చెప్పాలనిపించింది.

అది మొదటి ప్రపంచ యుద్ధకాలం. బ్రిటన్‌కు తిండిగింజలు తెచ్చే ఓడలను జర్మన్ జలాంతర్గాములు వరసపెట్టి ముంచేస్తున్నాయి. ఓడ కనబడకుండా ఏ రంగు వెయ్యాలా అని చాలామంది తలలు బద్దలుకొట్టుకున్నారు. ఆకాశం గంటకో రంగు మారుతుంది. పొగగొట్టంలోంచి వచ్చే పొగ ఎలాగూ దాగదు. అప్పుడు నౌకాదళంలో ఉన్న విల్కిన్సన్ లెక్కనే మార్చేశారు. ఓడ కనబడితే కనబడనీ, శత్రువు గురి తప్పితే చాలన్నది ఆయన ఆలోచన.

టార్పెడో ఓడను చేరడానికి కొంత సమయం పడుతుంది. కాబట్టి ఓడ ఇప్పుడున్న చోటికి కాక, అప్పటికి ఉండబోయే చోటికి దాన్ని వదలాలి. అందుకు ఓడ దూరం, వేగం, ముఖ్యంగా ఏ వైపుకు పోతున్నదీ పెరిస్కోపులో కొద్దిసేపు చూసి అంచనా కట్టాలి. నలుపు, తెలుపు, నీలం పట్టీలు అడ్డదిడ్డంగా వేస్తే ముందేదో వెనకేదో తేలదు. దీనికి డాజిల్ అని పేరు. ఆనాటి ఫోటోలు చూడండి, రేవులో జీబ్రాలు తేలుతున్నట్టుంటుంది!

లండన్ రాయల్ అకాడమీలో ఆయనకు గదులిచ్చారు. చిన్న నమూనా ఓడలకు చారలు వేసి, తిరిగే బల్లమీద పెట్టి, పెరిస్కోపులోంచి చూసేవారు. కన్ను మోసపోతేనే ఆ డిజైను పనికొచ్చినట్టు. అక్కడ పనిచేసిన కళాకారిణుల్లో ఒకరైన ఎవెలిన్ మెకంజీని 1918లో పెళ్ళాడారు. 2000కు పైగా ఓడలు అలా ముస్తాబయ్యాయి.

మరి ఓడలు బతికాయా? 1918లో అంకెలు పరిశీలించిన కమిటీకి స్పష్టమైన లాభం కనబడలేదు. నావికులకు ధైర్యం పెరిగిందని మాత్రం తేల్చారు. అప్పటికే ఓడలు గుంపులుగా, కాపలాతో వెళ్తున్నాయి. ఏ ఫలితం దేనివల్లో విడదీయడం కష్టం. నా మటుకు నాకు, శత్రువు కంటితో చూసి పరీక్షించిన ఆ పద్ధతే నచ్చుతుంది.

యుద్ధమయ్యాక ఆలోచన ఎవరిదన్న తగువొచ్చింది. జంతుశాస్త్రవేత్త జాన్ గ్రాహం కెర్ 1914లోనే ఓడల రంగుల గురించి నౌకాదళానికి రాశారు. 1919 విచారణలో డాజిల్ ఘనత విల్కిన్సన్‌కే దక్కింది. కెర్‌కు కూడా కాస్త పేరు ఇచ్చి ఉండవలసిందని నా అభిప్రాయం.

రెండో ప్రపంచ యుద్ధంలో విమానస్థావరాలను పైనుంచి పోల్చుకోలేకుండా చేసే పని చూశారు. ఆ యుద్ధపు సముద్ర దృశ్యాలు 54 గీసి జాతికి ఇచ్చేశారు. 1948లో సర్ బిరుదు అందుకుని, 1971లో కన్నుమూశారు. ఆ చిత్రాలు గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉన్నాయి.