గుండె శక్తి గుట్టు చెప్పిన మన సుబ్బారావు గారు

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చి సంక్షేమ హాస్టల్లో చదువుకుంటున్న మేము ఈ వార్షికోత్సవ సంచికలో డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకుంటున్నాము. పరీక్ష తప్పితే చదువు మానేద్దామనుకునే మాలాంటి వారికి ఆయన జీవితం గొప్ప పాఠం.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చిన్నప్పుడు ఇల్లు వదిలి కాశీ వెళ్ళి అరటిపండ్లు అమ్ముకుందామని బయలుదేరితే తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో పాసయ్యారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఒక ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు.

1923లో అమెరికాలోని బోస్టన్ చేరారు. ఖర్చుల కోసం రాత్రిళ్ళు ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు. 1927లో ఫిస్కేతో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని కనుగొన్నారు. ఆ రోజుల్లోనే ఇంగ్లాండు, జర్మనీ శాస్త్రజ్ఞులు కూడా వీటిని విడిగా కనుగొన్నారు. కండరం పనిచేయడానికి ఖర్చుపెట్టేది ఏ.టి.పి. అది తరిగితే వెంటనే భర్తీ చేసే నిల్వ ఫాస్ఫోక్రియాటిన్.

దీనికీ గుండె ఆపరేషన్‌కూ సంబంధం ఏమిటి? పాడైన వాల్వును మార్చాలంటే సాధారణంగా గుండెను కాసేపు ఆపాలి. రక్తం నడిపే పని యంత్రం చూసుకుంటుంది. అప్పుడు గుండె కండరానికి రక్తం అందదు. అందుకే పొటాషియం కలిసిన ద్రవం పంపి గుండెను ఆపుతారు, తరచు చల్లబరుస్తారు కూడా. కొట్టుకోని గుండెకు ఏ.టి.పి. ఖర్చు చాలా తక్కువ. ఆ నిల్వ మిగిలితేనే గుండె మళ్ళీ బాగా కొట్టుకుంటుంది. కొన్నిచోట్ల ఆ ద్రవంలో ఫాస్ఫోక్రియాటిన్‌నే కలుపుతారు. సుబ్బారావు గారు కత్తి పట్టిన సర్జన్ కారు. కానీ ఆపిన గుండెలో ఏది కాపాడాలో తెలియడానికి ఆయన పరిశోధన ఒక పునాది.

1940లో లెడర్లీ సంస్థలో చేరాక ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. మన కోస్తాను పీడించిన బోదకాలు వ్యాధికి మందు కూడా ఆ బృందం ఇచ్చినదే. అంతటి మనిషి 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, నిద్రలో గుండెపోటుతో కన్నుమూశారు. యంత్రం సాయంతో గుండె ఆపరేషన్ మొదటిసారి విజయవంతమైంది 1953లో. దాన్ని ఆయన చూడలేదు.

మిత్రులారా! పేద పిల్లల వాల్వులు పాడవడానికి పెద్ద కారణం రుమాటిక్ జ్వరం. అది గొంతు నొప్పితో మొదలవుతుంది. ఆ గొంతు నొప్పి ఇరుకు గదుల్లో ఒకరి నుండి ఒకరికి సోకుతుంది. కాబట్టి గొంతు నొప్పి, జ్వరం, కీళ్ళ వాపు వస్తే దాచుకోకుండా వార్డెన్ గారికి చెబుదాం, డాక్టరుకు చూపించుకుందాం. పరీక్ష తప్పితే మళ్ళీ రాద్దాం. సుబ్బారావు గారికి మనం చేసే నమస్కారం అదే.