అయ్యగారి సాంబశివరావుగారు

హైదరాబాదు నగరమున ఏ.ఎస్.రావు నగరు అను పేట యొకటి కలదు. మన గోదావరి సీమనుండి ఉద్యోగార్థమై పోయి ఆ ప్రాంతమున కాపురముండు కుటుంబములు కొన్ని కలవు. సెలవులలో మేనమామల యిండ్లకనియు, అక్కల యిండ్లకనియు మన విద్యార్థులును అచ్చటికి పోయి వచ్చుచుందురు. ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతియందు మేము ఆ పేటకు ఆ పేరెట్లు వచ్చెనని అడిగితిమి. అచ్చటి మిఠాయి దుకాణముల పేర్లు తడుముకొనక చెప్పిన బాలబాలికలలో నొక్కరును ఆ పేరుగల మనుష్యు డెవ్వరో చెప్పలేకపోయిరి. ఆయన భీమవరము ప్రక్క పల్లెలో పుట్టినవాడని చెప్పగా వారు నమ్మలేదు. అందువలన ఈ యేటి పత్రికలో ఆ మహనీయుని జీవితమును సంగ్రహముగా వ్రాయ సంకల్పించితిమి.

అయ్యగారి సాంబశివరావుగారు 1914వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన మోగల్లు గ్రామమున జన్మించిరి. అప్పటికి పశ్చిమగోదావరి జిల్లా యేర్పడలేదు. 1925వ సంవత్సరమున గాని అది ప్రత్యేక జిల్లా కాలేదు. అల్లూరి సీతారామరాజుగారి వంశముతోడి సంబంధముచేత మోగల్లు పేరు తెలుగువారు ముందే యెరుగుదురు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. ఆనాటికి కాలువనీరు చేలకు వచ్చి అరువది సంవత్సరములు గడచెను. విద్యుద్దీపము మాత్రము ఇంకను పల్లెలకు రాలేదు. కిరసనాయిలు దీపపు వెలుతురున అక్షరములు దిద్దిన తరమది. అట్టి పల్లెలో పుట్టిన బాలుడు విద్యుచ్ఛక్తిని లొంగదీయు విద్యలో దేశమునకు మార్గదర్శి యగుట మనము మరువరాని సంగతి.

రావుగారు కాశీ హిందూ విశ్వవిద్యాలయమున ఎం.ఎస్సి. పట్టము పొంది, కొంతకాలము అచ్చటనే అధ్యాపకులుగా పనిచేసిరి. పిమ్మట అమెరికాదేశమునకు పోయి, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున విద్యుచ్ఛక్తి ఇంజనీరింగునందు ఉన్నతపట్టము నార్జించిరి. ఒకసారి బల్లకు ఈవల నిలిచి బోధించిన మనుష్యుడు మరల ఆవలి వరుసలో విద్యార్థియై కూర్చుండుట ఎంత కష్టమో మావంటి ఉపాధ్యాయులు బాగుగా నెరుగుదురు. తనకు తెలియనిది ఇంకను కలదని ఒప్పుకొన్నవారికే అది సాధ్యము.

ఆ కాలమున ఎలక్ట్రానిక్సు అనగా గాజు వాల్వుల విద్య. ట్రాన్సిస్టరు 1947వ సంవత్సరము డిసెంబరు మాసమున గాని కనుగొనబడలేదు. వాల్వు లోపలి తీగ వేడెక్కుటకు కొలది వోల్టుల విద్యుత్తును, దాని పలకకు నూర్లకొలది వోల్టుల ఏకముఖ విద్యుత్తును కావలెను. కనుక ఏ పరికరము నిర్మింపబూనినను ముందుగా దానికి తగిన విద్యుత్తును సిద్ధపరచు సాధనమును నిర్మింపవలసి యుండెను. మన ప్రయోగశాలలలో బ్యాటరీ ఎలిమినేటరు అని పిలువబడు పెట్టె యట్టి సాధనములలో నొకటి.

ఈ పెట్టె చేయు పని విద్యార్థులు తెలిసికొనదగినది. మన గోడలోని విద్యుత్తు సెకనుకు ఏబదిసార్లు ముందునకును వెనుకకును ఊగుచుండును. దాని బలము 230 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మరు దానిని మనకు కావలసినంతకు తగ్గించును. నాలుగు డయోడులు వంతెనవలె అమర్చినచో, వెనుకకు పోవు భాగమునుగూడ ముందునకే త్రిప్పును. అప్పుడు సెకనుకు నూరు పొంగులు వచ్చును. పొంగునకు పొంగునకు నడుమ లోటు పూడ్చుటకు కండెన్సరు నుంచెదరు. మన కాలువలో నీరు వంతుల ప్రకారము వచ్చుచుండగా, వంతు లేని దినమున ఊరచెరువు ఆదుకొనునట్లే, పొంగు తగ్గిన క్షణమున కండెన్సరు తాను దాచుకొన్న విద్యుత్తును విడుచును. ఇంకను మిగిలిన హెచ్చుతగ్గులను తీర్చుటకు, లాకువద్ద నీటిమట్టమును నిలుపు తలుపులవలె, వోల్టేజిని ఒక్క మట్టమున నిలుపు అమరిక యొకటి చేర్చెదరు.

ఆసిలేటరు అనునది దీనికి తోబుట్టువు. ఇది నిలకడయైన విద్యుత్తును గ్రహించి, మరల మనము కోరిన వేగమున ఊగునట్లు చేయును. ఊయెల నూపువారు అది వెనుకకు వచ్చిన సమయము కనిపెట్టి కొంచెము త్రోయుదురు. రాపిడిచే పోయిన బలమునకు ఆ త్రోపు సరిపోయినచో ఊయెల ఆగదు. చాలనిచో క్రమముగా నిలిచిపోవును. ఆసిలేటరులో బయటికి వచ్చిన విద్యుత్తులో కొంతభాగమును సరియైన సమయమున మరల లోపలికి పంపెదరు. రేడియో కేంద్రము మొదలు మన జేబులోని టెలిఫోనువరకు ఈ యూయెల లేనిది ఏదియు పనిచేయదు.

స్వదేశమునకు మరలిన రావుగారు హోమీ భాభాగారితో కలిసి బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థయందు పనిచేసిరి. ఆకాశమునుండి నిరంతరము భూమిపై బడు విశ్వకిరణములను లెక్కించుట ఆనాటి పరిశోధనలలో ముఖ్యమైనది. అట్టి లెక్కకు వాడబడు గైగరు గొట్టమునకు నూర్లకొలది వోల్టుల విద్యుత్తు కావలెను. ఆ విద్యుత్తు హెచ్చినను తగ్గినను, కిరణముల సంఖ్య మారకపోయినను గొట్టము చెప్పు సంఖ్య మారిపోవచ్చును. చదువరి అది ప్రకృతి చెప్పిన సంగతి యని భ్రమపడును. నిజమునకు చెప్పినది చెడిన పెట్టె. కనుక విద్యుత్తు నిచ్చు పెట్టె సత్యము తప్పినచో, దానిపై గట్టిన విజ్ఞానమంతయు సత్యము తప్పును. విదేశములనుండి తెప్పించిన పరికరము చెడినచో దానిని బాగుచేయువారు దొరకుట అరుదు. అందుచేత స్వయముగా నిర్మించుకొనుట నేర్చిన బృందమొకటి దేశమున కవసరమయ్యెను. అట్టి బృందమునకు రావుగారు నాయకులైరి.

ఇచ్చట మా పాఠశాలలో జరిగిన సంగతి నొకదానిని చెప్పుట అప్రస్తుతము గాదని తలంచెదము. మా ప్రయోగశాలలోని ఎలిమినేటరు ఒకటి కొంతకాలము క్రిందట తక్కువ వోల్టులు చూపసాగెను. దానికి తగిలించిన చిన్న లౌడుస్పీకరు ఝుమ్మని మ్రోయసాగెను. మేము దానిని పనికిరాని సామగ్రి పట్టికలో చేర్చితిమి. పదవ తరగతి బాలు డొకడు దానిని విప్పి చూచెదనని వేడగా, ముందు నీ మార్కుల సంగతి చూచుకొమ్మని గద్దించితిమి. తీగలతో కాలము వ్యర్థము చేయనీయవలదని అతని తండ్రియు మమ్ము కోరియుండెను. అయినను ఆ బాలుడు వెనుదీయక, పూర్వము ఆ మ్రోత పై స్థాయిలో నుండెడిదనియు, ఇప్పుడు సరిగా ఒక స్థాయి క్రిందికి దిగినదనియు, కావున నూరు పొంగులకు బదులు ఏబదియే వచ్చుచుండవలెననియు విన్నవించెను. ఇరువది సంవత్సరములుగా ఆ పాఠమును నల్లబల్లపై గీసి చెప్పుచున్న మా చెవికి ఆ భేద మెన్నడును తోచలేదు. మేము సిగ్గుపడి, విద్యుత్తును పూర్తిగా తొలగించి, కండెన్సరులో మిగిలినదానిని ఖాళీచేయించి, మా యెదుటనే పెట్టెను విప్పనిచ్చితిమి. నాలుగు డయోడులలో నొకదాని కాలివద్ద సీసపు అతుకు ఊడియుండెను. దాని నతుకగానే వోల్టులు యథాస్థానమునకు వచ్చెను. అతని తండ్రి పాఠశాలకు వచ్చినపుడు ఈ సంగతి వివరించితిమి. ఇకమీదట తీగలు ముట్టినంతమాత్రమున కొట్టనని ఆయన మాట యిచ్చెను. పనిముట్లు కొనిపెట్టెదనని మాత్రము చెప్పలేదు. అంతవరకే చాలునని మేము సంతోషించితిమి.

రావుగారి పనిలో అతుకు ఊడుట యింత చిన్న సంగతి గాదు. 1954లో ట్రాంబే యందు అణుశక్తి పరిశోధనాలయ మేర్పడెను. అచ్చట దేశపు ప్రథమ అణురియాక్టరగు అప్సర నిర్మింపబడెను. దాని యింధనము బ్రిటనునుండి వచ్చినది. దాని నియంత్రణ పరికరములను మాత్రము రావుగారి బృందమే రూపొందించెను. రియాక్టరులో న్యూట్రానుల సంఖ్య క్షణక్షణమును పెరుగుచు తరుగుచు నుండును. దానిని పరికరములు కనిపెట్టి, విస్తరించి, కాపలాదారునకు చూపవలెను. హద్దు మీరినచో న్యూట్రానులను మ్రింగు పదార్థముతో జేసిన పలకలు వెంటనే లోపలికి పడునట్లు చేయవలెను. ఇట్టిచోట తప్పుడు సంఖ్య చూపు పరికరము ప్రాణాపాయకరము. ఇంతకు పూర్వమట్టి పని చేసిన అనుభవము మన దేశమున నెవ్వరికిని లేదు. 1956 ఆగస్టు 4వ తేదీన అప్సర పనిచేయనారంభించెను. సోవియటు దేశమును మినహాయించినచో ఆసియాఖండమున నదియే మొదటి రియాక్టరు. ఏబది సంవత్సరములకు పైగా సేవచేసి అది విశ్రాంతి పొందినది. 2018లో దాని స్థానమున నూతన అప్సర వెలసినది.

1962లో చైనాతో జరిగిన యుద్ధము పిమ్మట, ఎలక్ట్రానిక్సునందు మన దేశమెంత వెనుకబడి యున్నదో పాలకులకు స్పష్టమయ్యెను. 1963లో భాభాగారి అధ్యక్షతను ఒక సంఘము నియమింపబడెను, రావుగారందు సభ్యులు. 1966 జనవరి 24వ తేదీన భాభాగారు ఆల్ప్సు పర్వతములలో విమాన ప్రమాదమున మరణించిరి. నాయకుని గోల్పోయినను పని ఆగలేదు. 1967 ఏప్రిలు 11వ తేదీన హైదరాబాదునందు ఎలక్ట్రానిక్సు కార్పొరేషను ఆఫ్ ఇండియా, అనగా మనము ఈసీఐఎల్ అని పిలుచు సంస్థ, స్థాపింపబడెను. రావుగారు దానికి ప్రథమ సారథులైరి.

ఆ సంస్థనుండి రియాక్టరుల నియంత్రణ పరికరములును, కిరణములను కొలుచు యంత్రములును, టీడీసీ అను పేర స్వదేశపు కంప్యూటరులును వెలువడినవి. ఈసీ అను పేరుగల టెలివిజను పెట్టెలను మన పెద్దలలో పలువురు జ్ఞాపకము నుంచుకొనియుందురు. 1974లో మన దేశము అణుపరీక్ష జరిపిన పిదప కొన్ని విదేశములు సహాయమును నిలిపివేసినవి. అట్టి సమయమున స్వయముగా చేయనేర్చిన చేతులే దేశమునకు దిక్కైనవి. మన ఎన్నికలలోని ఓటు యంత్రములను తయారుచేయు రెండు సంస్థలలో ఈసీఐఎల్ ఒకటి. చంద్రయానము పంపిన సంకేతములను వినుటకై బెంగుళూరు సమీపమున బ్యాలాలు వద్ద నిలిపిన 32 మీటరుల యాంటెన్నాయు ఆ సంస్థ నిర్మించినదే.

ప్రభుత్వమువారు రావుగారిని 1960లో పద్మశ్రీ బిరుదముతోడను, 1972లో పద్మభూషణ బిరుదముతోడను గౌరవించిరి. 1965లో ఇంజనీరింగు శాస్త్రములకుగాను శాంతిస్వరూప్ భట్నాగరు బహుమానము వారికి లభించెను. 2003 అక్టోబరు 31వ తేదీన వారు పరమపదించిరి. వారి పేర వెలసిన నగరము నేడు వేలకొలది జనులకు చిరునామాయై యున్నది.

విద్యార్థులారా, ఈ జీవితమును చదివి బిరుదములను మాత్రమే జ్ఞాపకముంచుకొనినచో మా శ్రమ వ్యర్థము. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, రెండు ట్రాన్సిస్టరులు, రెండు కండెన్సరులు, నాలుగు రెసిస్టరులు, రెండు చిన్న ఎల్.ఈ.డి. దీపములు సంపాదించినచో, ఆ దీపములు ఒకటి విడచి యొకటి వెలుగునట్లు ఆసిలేటరును మీరే నిర్మింపవచ్చును. గోడవిద్యుత్తును మాత్రము పెద్దల యెదుటగాక ఎన్నడును ముట్టరాదు. మొదటిసారి దీపము వెలుగకపోవచ్చును. అప్పుడు విసిరివేయక, ఒక్కొక్క అతుకును మరల పరీక్షింపుడు.

తల్లిదండ్రులకును మా మనవి యొకటి కలదు. మీ బిడ్డ పాత రేడియోను విప్పి చాపపై పరచుకొని కూర్చున్నచో, కోపపడుటకు ముందు ఒక నిమిషము ప్రక్కన గూర్చుండుడు. మేమును ఒకసారి తొందరపడి గద్దించితిమి. తప్పు మాది యని తెలిసికొంటిమి. మరుసటి సెలవులలో మీరు పిల్లలతో ఏ.ఎస్.రావు నగరునకు పోయినపుడు, ఆ పేరు ఎవరిదో ఈసారి వారే మీకు చెప్పుదురని నమ్ముచున్నాము.